తోడు వెళ్లిన పిల్ల

పెళ్లిచూపుల సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. పిల్ల నడక చూడాలి, మాట వినాలి, ఓ పాట పాడించాలి, జడ సొంతమా సవరమా అన్నది కూడా ఓరకంట కనిపెట్టాలి! అచ్చం ఇలాంటి చూపులే అమెరికాలో మగపిల్లలకు జరుగుతాయంటే నవ్వొస్తుంది గానీ, నిజం. కాకపోతే అవి పెళ్లి కోసం కాదు, బేస్‌బాల్ కోసం.

మన క్రికెట్‌కు దూరపు చుట్టంలాంటి ఆట అది. అక్కడి పెద్ద క్లబ్బులన్నీ మంచి కుర్రాళ్లను వెతకడానికి ఊరూరా మనుషుల్ని తిప్పుతాయి. వాళ్లను స్కౌట్లంటారు. మెడలో రుమాలు కట్టుకునే స్కౌట్లు కారు లెండి. ఒక్కొక్కరికి ఒక రాష్ట్రమో, రెండు మూడు రాష్ట్రాలో అప్పజెబుతారు. హైస్కూలు మైదానంలో ఓ మూల కూర్చుని, చేతిలో స్టాప్‌వాచీ, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని గంటల తరబడి చూస్తారు. బంతిని తగిలించడం, దూరంగా కొట్టడం, పరుగు, బంతిని పట్టడం, విసరడం - ఈ అయిదింటికీ 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. అయిదింట్లోనూ నెగ్గిన పిల్లాడు దొరికితే పండగే!

ఒకప్పుడు డబ్బున్న క్లబ్బులే మంచి పిల్లల్ని ఎగరేసుకుపోయేవి. అందుకని 1965లో ‘డ్రాఫ్ట్’ అనే పద్ధతి పెట్టారు. క్లబ్బులన్నీ వంతులవారీగా ఒక్కొక్క కుర్రాణ్ణి ఎంచుకోవాలి. కిందటేడు వెనకబడిన జట్లకు ముందు వంతు. పంక్తిలో ఆఖర్న కూర్చున్నవాళ్లకు ఈసారి ముందుగా వడ్డించినట్టన్నమాట. ఆ ఏడు అందరికంటే ముందు పిలిచిన పేరు రిక్ మండే అనే కుర్రాడిది. వచ్చిన వంతు వృథా కాకూడదు కదా, దాంతో స్కౌటుగారి నోటుపుస్తకానికి మరీ విలువ పెరిగింది.

2008లో ఆ చూపులు మన దేశం మీదా పడ్డాయి. బంతిని బలంగా విసరగలిగే వాళ్ల కోసం అమెరికావాళ్లు ఇక్కడ టీవీ పోటీ పెడితే, ఉత్తరప్రదేశ్ పిల్లలు ఇద్దరు దొరికారు - రింకూ సింగ్, దినేష్ పటేల్. ఈటె విసరడం తప్ప బేస్‌బాల్ ఎరగరు. ఆ ఏడాదే పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్బు ఇద్దర్నీ తీసుకుంది. 2014లో వాళ్ల కథ సినిమాగా కూడా వచ్చింది.

ఇదంతా మగపిల్లల ముచ్చట. మరి మన ఆడపిల్లల్ని ఎవరు చూశారు?

శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి సంగతి చూడండి. 1990లో అక్క జాతీయ శిబిరానికి వెళుతుంటే తనూ వెంట వెళ్లింది. 1980 మాస్కో ఒలింపిక్సులో బంగారు పతకం గెలిచిన తారనెంకో అక్కడ శిక్షకుడు. ఊరికే నిలబడి చూస్తున్న ఈ పిల్ల ఆయన కంట పడింది. పదేళ్లకు, 2000లో, సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ!

సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్‌ది ఇంకో తమాషా. పొద్దెక్కే దాకా లేవడం లేదని, అన్న క్రికెట్ నేర్చుకునే చోటికి వాళ్ల నాన్నగారు ఆమెనూ వెంట పంపేవారు. అక్కడి కోచ్ జ్యోతిప్రసాద్ ఆమె బ్యాటు పట్టే తీరు గమనించారు. 1999లో, పదహారేళ్ల వయసులో, భారత జట్టు తరఫున తొలి వన్డేలోనే 114 పరుగులు చేసి అజేయంగా నిలిచింది.

గమనించారా? ఇద్దరూ తోడు వెళ్లిన పిల్లలే. ఒకరు అక్కకు తోడు, ఒకరు అన్నకు తోడు. వాళ్ల కోసమని నోటుపుస్తకం పట్టుకుని ఎవరూ రాలేదు. ఆ రోజుల్లో ‘నువ్వెందుకే, ఇంట్లో ఉండు’ అని ఉంటే? తలుచుకుంటేనే గుండె గుభేలుమంటుంది.

ఇక మా ముదిగుబ్బ వైపు చూస్తే, ఇది వాన మొహం చాటేసే మెట్టసీమ. శెనక్కాయ విత్తి ఆకాశం కేసి చూసే ఊళ్లు. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. పేరు మారినా వాన మారలేదు. ఇటువైపు పిల్లల్ని వెతుక్కుంటూ ఎవరొస్తారు? 1969లో అనంతపురం వచ్చిన ఫాదర్ ఫెర్రర్, ఆయన భార్య అన్నే కలిసి నడిపిన ఆర్డీటీ సంస్థ బడులూ ఆస్పత్రులతో పాటు పచ్చటి ఆటస్థలాలూ తయారుచేసింది. ఆడపిల్లలకూ అందులో చోటిచ్చింది.

నార్పల మండలం బండ్లపల్లి గుర్తుందా? 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలుపెట్టిన ఊరు. ఆ ఊరి అమ్మాయి బారెడ్డి అనూష ఆర్డీటీ మైదానంలోనే ఎడమచేతి స్పిన్ నేర్చుకుంది. 2023 జులైలో బంగ్లాదేశ్ వెళ్లి భారత జట్టుకు ఆడింది. కూలికి హామీ పుట్టిన ఊళ్లోంచి, పదిహేడేళ్లకు, జాతీయ జట్టులో ఓ అమ్మాయి!

కదిరి దాటి కడప జిల్లాలోకి వెళితే శ్రీచరణి. ఇంటి దగ్గర మేనమామతో సరదాగా క్రికెట్ మొదలుపెట్టిందట. మహిళల ప్రీమియర్ లీగులో డ్రాఫ్ట్ లేదు, వేలం ఉంది. ఆడపిల్లను వేలం వేయడమేమిటని ముక్కున వేలేసుకోకండి. పాడేది పిల్లను కాదు, ఆమె ఆటను. 2024 డిసెంబరులో ఢిల్లీ జట్టు 55 లక్షలకు పాడుకుంది. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు ప్రపంచకప్పు గెలిచినప్పుడు శ్రీచరణి ఆ పోటీల్లో తీసిన వికెట్లు 14. అదే నెల వేలంలో ఆమె ధర కోటీ ముప్ఫై లక్షలు!

ఇప్పుడు ఈ సీమకు కూడా చూసేవాళ్లు వస్తారు. కానీ ఎంతటి స్కౌటైనా మైదానంలో ఉన్న పిల్లనే చూడగలడు. గడప దాటని పిల్ల పరుగును ఏ స్టాప్‌వాచీ కొలవలేదు. మొదటి మార్కులు వేయాల్సింది ఇంట్లోవాళ్లే.

కాబట్టి, సాయంత్రం పూట అబ్బాయి బ్యాటు పుచ్చుకుని బయల్దేరుతుంటే, వెనకాలే చెప్పులు తొడుక్కుంటున్న అమ్మాయిని ‘నువ్వెక్కడికే?’ అని ఆపకండి. తోడు వెళుతోంది, అంతే. ఏమో, ఎవరి కంట పడుతుందో!