పరాసుల కళాసంపద: రాజుల సొత్తు ప్రజల సొత్తయిన కథ

తెలుగునాట ఫ్రెంచివారి పేరు మొదట మ్రోగినది ఫిరంగుల మ్రోతతోనే. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలి కోటపై విరుచుకొనిపడిన బుస్సీ దొర కథను జంగము కథలలోనో, బుఱ్ఱకథలలోనో విననివారు అరుదు. నాటి జనులు వారిని పరాసులనిరి. నిజాము కొలువున సేనానియై 1798లో మరణించిన రేమండు దొర జనుల నోట మూసారాముడైనాడు. హైదరాబాదునందలి మూసారాంబాగు అతని పేరిట వెలసినదే. గోదావరి తీరమున యానాము 1954 వఱకు వారి యేలుబడిలో నుండెను.

కాని పరాసులనగా ఫిరంగులును, కోట ముట్టడులును మాత్రమే కావు. శిల్పమునందును, చిత్రలేఖనమునందును, నాటకమునందును, గ్రంథసేకరణమునందును వారు గడించిన కీర్తి మిక్కిలి గొప్పది. ఈ విద్యలలో పెక్కు రాజుల నీడను పెరిగినవి. అవి రాజుల చేతినుండి ప్రజల చేతికి ఎట్లు వచ్చెనో, వచ్చుచు దారిలో ఏమేమి విరిగెనో తెలిసికొనుట గ్రంథాలయ రజతోత్సవ వేళ అసందర్భము కాదు. ఏలయన ఆ కథ ఒక గ్రంథాలయముతోనే ఆరంభమగుచున్నది.

ఐదవ చార్లెసు అను రాజు 1368వ సంవత్సర ప్రాంతమున పారిసులోని లూవ్రు కోట బురుజునందు తన పుస్తకములను చేర్పించెను. అవి అన్నియు వ్రాతప్రతులు. అచ్చు ఇంకను పుట్టలేదు. గదులలోనికి పక్షులు చొరకుండ కిటికీలకు తీగ అల్లికలు వేయించిరి. 1373లో సిద్ధపఱచిన పట్టికలో తొమ్మిది వందలకు పైగా గ్రంథములు ఎక్కినవి. ఈ రాజు అరిస్టాటిలు గ్రంథములను లాటినునుండి ఫ్రెంచిలోనికి అనువదింపజేసినవాడు. కాని ఆయన పోయిన అర్ధశతాబ్దిలోనే ఆంగ్లేయులు పారిసును ఆక్రమింపగా, ఆ గ్రంథములను వారి ప్రభుప్రతినిధి కొని తరలించుకొనిపోయెను. అవి నలుదెసల చెదరిపోయినవి. రాజు సొంతముగా దాచిన సంపద రాజు బలముతోనే నిలుచును, దానితోనే పోవును.

తరువాత మొదటి ఫ్రాన్సిసు కాలమున రెండు శాసనములు వెలువడినవి. 1537 నాటి శాసనము రాజ్యమున అచ్చయిన ప్రతి పుస్తకమునకును ఒక ప్రతిని రాజగ్రంథాలయమునకు ఈయవలెనని విధించెను. మన దేశమున 1954లో వచ్చిన గ్రంథసమర్పణ చట్టమున కనబడునది కూడ ఆ పద్ధతియే. రెండవది 1539 నాటి విల్లెర్-కోత్రే శాసనము. న్యాయస్థానముల తీర్పులు, క్రయవిక్రయ పత్రములు లాటినున గాక ఫ్రెంచి భాషలో నుండవలెనని అది ఆజ్ఞాపించెను. చర్చి గురువులు పుట్టిన బిడ్డల పేర్లను పుస్తకమున నమోదు చేయవలెనని కూడ అందే కలదు. వేలిముద్ర వేయువానికి అర్థము కాని భాషలో దస్తావేజు వ్రాసినయెడల ఎంతటి అన్యాయమునకు తావగునో గ్రామములలో భూతగాదాలు చూచినవారెల్లరు ఎఱుగుదురు. నాటకములను, చిత్రములను పొగడువారు ఈ శాసనమును తలపకపోవుట వింత. భాష కచేరికి ఎక్కిన పిదపనే దానికి గౌరవము హెచ్చినది.

1635లో రిషెల్యూ అను మంత్రి ఫ్రెంచి అకాడమీని రాజ్యసంస్థగా స్థాపించెను. సభ్యులు నలువదిమంది, వారిని "అమరులు" అందురు. భాషకు నిఘంటువు కూర్చుట వారి ముఖ్యకార్యము. తొలి నిఘంటువు 1694లో వెలువడినది. అనగా ఏబదితొమ్మిది సంవత్సరములు! ఫిర్కా అంతయు సర్వే చేయుటకైనను అంత కాలము పట్టదు. తొమ్మిదవ కూర్పు 2024లో ముగిసినది.

ఈ అమరులలో చోటు దక్కనివాడొకడు వారందఱికంటెను అమరుడైనాడు. అతడే మోలియర్. రాజుగారి గృహోపకరణములను చూచు ఒక ఉద్యోగి కుమారుడు. ఇల్లు విడిచి నాటక సమాజమున చేరి, ఊరూర తిరిగి ఆడినవాడు. కపటభక్తులను ఎగతాళి చేసిన అతని తార్త్యూఫ్ నాటకము 1664లో రాజసన్నిధిని ప్రదర్శింపబడినంతనే నిషేధింపబడెను. అయిదేండ్ల పిదపగాని అనుమతి రాలేదు. 1673 ఫిబ్రవరి 17న, రోగమని భ్రమపడువాని పాత్రను నిజముగా రోగియై యుండియు ధరించి, ఆ రాత్రియే కన్నుమూసెను. నటుడగుటచే చర్చివారు సమాధికి చోటీయ నిరాకరించిరి. పదునాలుగవ లూయీ కలుగజేసికొనిన పిదప, రాత్రివేళ, ఆర్భాటము లేకుండ పూడ్చిపెట్టిరి. అకాడమీవారు 1778లో అతని శిలాప్రతిమను తమ సభలో నిలిపిరి. మన భమిడిపాటి కామేశ్వరరావుగారు మోలియర్ హాస్యమును తెలుగు ఇండ్లకు, తెలుగు నుడికారమునకు తగునట్లు మలచి అందించిరి. కనుక ఇచ్చటి నాటక ప్రియులకు అతడు పూర్తిగా పరాయివాడు కాడు.

పదునెనిమిదవ శతాబ్దమున దిదెరో అను పండితుడు విజ్ఞానసర్వస్వమును తలపెట్టెను. అతడు కత్తులు చేయువాని కొడుకు. అందువలననే కాబోలు, వేదాంతముతో సమానముగా చేతిపనులకును తన గ్రంథమున పీట వేసెను. సాలె మగ్గము, గాజుబట్టీ, కమ్మరి కొలిమి, అచ్చు యంత్రము, ఇవన్నియు అందు బొమ్మలతోకూడ వివరింపబడినవి. 1751 మొదలు 1772 వఱకు పదునేడు సంపుటముల వ్రాతయు, పదునొకండు సంపుటముల చిత్రములును వెలువడినవి. ప్రభుత్వము 1752లో ఒకసారియు, 1759లో మఱియొకసారియు దానిని నిషేధించెను. ఇచ్చట మాలెజెర్బు అను ఉద్యోగిని తలపకుండుట కృతఘ్నత. పుస్తకములను పరిశీలించి నిషేధించు శాఖకు అధిపతి ఆయనయే. దిదెరో కాగితములను జప్తు చేయుటకు తానే ఉత్తరువు పంపవలసివచ్చినప్పుడు, ముందుగా అతనికి వర్తమానము పంపి, దాచుటకు చోటు లేకున్నచో తన యింటికే పంపుమనెను. భటులు ఊరెల్ల వెదకిరి. అధికారి గృహమును ఎవరు వెదకుదురు? ఇదే మాలెజెర్బు విప్లవకాలమున పదవీచ్యుతుడైన రాజు పక్షమున న్యాయవాదియై నిలిచి, 1794లో కూతురు, మనుమరాలితోపాటు గిలొటిను పాలయ్యెను.

1789లో విప్లవము వచ్చెను. రాజుల సొత్తు ప్రజలదయ్యెను. కాని తమదైన దానిని ప్రజలు మొదట పగులగొట్టిరి. పారిసునందు నోత్రుదాం అను మహాదేవాలయము కలదు. 1163 ప్రాంతమున దాని నిర్మాణము మొదలిడిరి. దాని ముఖభాగమున ఇరువదియెనిమిది రాజవిగ్రహములు వరుసగా నిలిచియుండెడివి. ఇవి ఫ్రాన్సు రాజుల బొమ్మలని తలచి 1793లో వాని తలలను నఱకించి క్రింద పడద్రోయించిరి. నిజమునకవి బైబిలునందలి యూదా రాజుల విగ్రహములు. ఏ పాపము నెఱుగని ఆ రాతిరాజులు పేరు పొరపాటున శిక్షకు గుఱియైరి. ముక్కలను కట్టడపు రాళ్లుగా అమ్మివేసిరి. ఎవ్వరో ఆ తలలను సేకరించి జాగ్రత్తగా భూమిలో పూడ్చిరి. 1977లో పారిసులోని ఒక పాత భవనపు ఆవరణమును త్రవ్వుచుండగా ఇరువదియొక్క తలలు బయల్పడినవి. కొన్నింటి మొగములపై ఏడు వందల సంవత్సరముల నాటి రంగుల జాడలు ఇంకను నిలిచియుండెను. అవి నేడు క్లూనీ ప్రదర్శనశాలలో నున్నవి.

ఈ విధ్వంసమును చూచి గ్రెగువారు అను చర్చి గురువు, విప్లవసభలో తానును సభ్యుడయ్యును, 1794లో సభ ముందు గట్టిగా వాదించెను. పగులగొట్టబడునది రాజుల ఆస్తి కాదు, జాతి ఆస్తి యని ఆయన వాదము. అంతకు పూర్వమే, 1793 ఆగస్టు 10న, లూవ్రు సౌధమును చిత్రప్రదర్శనశాలగా తెఱచియుండిరి. రాజు తిరుగాడిన శాలలలోనికి చెప్పులు కుట్టువాడును రుసుము లేక ప్రవేశించి చిత్రములను చూడగలిగెను. ఇది ఆ విప్లవము చేసిన మంచిపనులలో ఒకటి. అయితే పిమ్మట నెపోలియను సేనలు ఇటలీ మున్నగు దేశములనుండి చిత్రములను, విగ్రహములను బండ్లకెత్తి అదే లూవ్రునకు తెచ్చినవి. 1815లో అతడు ఓడిన పిదప వానిలో పెక్కింటిని తిరిగి ఈయవలసివచ్చెను, అన్నియు పోలేదు. ఒక జాతి ప్రజల సొత్తును దోచి మఱియొక జాతి ప్రజల సొత్తు చేయుట న్యాయమని ఎవ్వరును అనజాలరు.

గ్రెగువారునందే మఱియొక విపరీతము కలదు. విగ్రహములను కాపాడుమనిన ఆ మహాశయుడే ప్రాంతీయ భాషలను మాత్రము తుడిచివేయవలెనని 1794లోనే నివేదిక సమర్పించెను. బ్రెటను, బాస్కు, దక్షిణదేశపు ఓక్సితాను భాషలు దేశైక్యమునకు అడ్డమని అతని తలంపు. తరువాతి శతాబ్దమున పాఠశాలలో బ్రెటను మాటలాడిన పిల్లలను శిక్షించిరి. రాతి తలకొక ప్రదర్శనశాల దొరకినది కాని, తల్లి నేర్పిన మాటకు బడిలో చోటు దొరకలేదు. భాష పేరిట 1953లో రాష్ట్రమును సాధించుకొనిన జాతికి ఆ బాధ తెలియును. అయినను ప్రొవాన్సు సీమయందు మిస్ట్రాల్ అను కవి తన ఇంటి భాషలోనే కావ్యములు వ్రాసి 1904లో నోబెలు బహుమానమును పంచుకొనెను. ఆ ధనముతో ఆర్ల్ పట్టణమున తన సీమ ప్రజల దుస్తులు, పనిముట్లు, వంటపాత్రలు చేర్చియున్న ప్రదర్శనశాలను విస్తరింపజేసెను. కిరీటములు లేని ప్రదర్శనశాల అది.

పందొమ్మిదవ శతాబ్దపు సంగతులు అనేకములు. ప్రభుత్వము డాగేరు కనుగొనిన ఛాయాచిత్ర విద్యను కొని 1839లో బహిరంగపఱచెను. లూమియేరు సోదరులు 1895 డిసెంబరు 28న పారిసునందు రుసుము తీసికొని చలనచిత్రమును చూపిరి. మఱుసటి సంవత్సరము జూలైలో అది బొంబాయికి వచ్చెను. విక్టరు హ్యూగో 1831లో నోత్రుదాం ఇతివృత్తముగా రచించిన నవల శిథిలమగుచున్న ఆ ఆలయముపై జనుల దృష్టిని మరల్చెను. 1844 మొదలు దానిని బాగుచేసిరి. అతని మఱియొక నవలయే 1950లో చిత్తూరు నాగయ్యగారు నటించిన "బీదలపాట్లు" చిత్రమునకు మూలము. 1885లో అతడు మరణించినప్పుడు, అతని కోరిక మేరకు బీదలను మోయు బండిపై శవమును తీసికొనిపోగా, లక్షలాది జనులు వెంట నడచిరి. 2019 ఏప్రిల్ 15న ఆ ఆలయపు పైకప్పు అగ్నికి ఆహుతి కాగా, వడ్రంగులు ఓక్ దూలములను చెక్కి తిరిగి నిలిపిరి. 2024 డిసెంబరులో తలుపులు తెఱచిరి.

ఇక రాజగ్రంథాలయము మాట. ఐదవ చార్లెసు పుస్తకములు చెదరినను, తరువాతి రాజులు మరల కూర్చిరి. పదునెనిమిదవ శతాబ్దమున దాని అధిపతియైన బిన్యోన్ అను పండితుడు హిందూదేశపు గ్రంథములను పంపుడని ఇచ్చటి ఫ్రెంచి మతగురువులకు వ్రాసెను. 1730 ప్రాంతమున తెలుగు, కన్నడ సీమలలో సంచరించుచు సంస్కృతమును తెలుగును నేర్చిన కల్మెత్ అను గురువును, ఆయన తోడివారును తాళపత్ర గ్రంథములను సంపాదించి ఓడలపై పంపిరి. 1739లో అచ్చయిన ఆ గ్రంథాలయపు పట్టికలో ఇవి చేరినవి. బుస్సీ దొర బొబ్బిలికి రాకమునుపే తెలుగు తాటాకులు పారిసు చేరియుండెననుట గమనింపదగినది. విప్లవానంతరము ఆ గ్రంథాలయము జాతీయ గ్రంథాలయమయ్యెను. అందలి సంపదలో కొంతభాగమును 1997 నుండి దూరదేశములవారు సైతము కంప్యూటరు తెరపై రుసుము లేకుండ చదువుకొనునట్లు ఏర్పాటు చేసిరి. తెలుగు తాళపత్రములు నేటికిని ఆ గ్రంథాలయమునందే భద్రముగా నున్నవి.