యుద్ధానికి వెళ్లి తిరిగిరాని పెద్దల జాడ ఎలా తీయాలి?

తెలుగు ప్రాంతాల ముస్లిం కుటుంబాల్లో కొన్ని మాటలు తరతరాలుగా వినిపిస్తుంటాయి. ‘మీ పర్‌దాదా పటాలంలో చేరి బస్రా పోయాడు, మళ్లీ రాలేదు’ అంటారు. ‘నానా వాళ్ల అన్న సింగపూర్‌లో జపాన్ వాళ్లకు చిక్కాడట’ అంటారు. ఆ తర్వాత సంగతి అడిగితే ఎవరికీ తెలియదు. ఏ రోజు చనిపోయాడో, ఖబర్ ఎక్కడుందో, అసలు ఉందో లేదో చెప్పేవారు లేరు. ఫాతిహా ఇవ్వడానికి తేదీ లేని ఇళ్లున్నాయి. భర్త వస్తాడనే ఎదురుచూపులోనే వయసు గడిపేసిన దాదీలు ఉన్నారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో అవిభక్త భారతదేశం నుంచి 13 లక్షలకు పైగా మంది విదేశాలకు వెళ్లారు. వారిలో 74 వేల మందికి పైగా చనిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది, సుమారు 87 వేల మంది ప్రాణాలు పోయాయి. వీరిలో చాలామంది వివరాలు నేటికీ కాగితాల మీద ఉన్నాయి. చిక్కంతా ఆ కాగితానికీ ఇంట్లో చెప్పుకునే పేరుకూ పొంతన కుదరకపోవడంలోనే ఉంది. పేరు ఒక్కటే పట్టుకుని వెతికితే వందల మంది షేక్‌లు, మహమ్మద్‌లు వస్తారు. పేరుతో పాటు సైనిక నంబరు, దళం, ఊరు, కాలం – వీటిలో ఏ రెండు దొరికినా వెతుకులాట తేలికవుతుంది.

ముందు ఇంట్లోనే వెతకాలి

పాత పెట్టెలు, ఖురాన్ జుజ్‌దాన్‌లు, ఇంటి పత్రాల మూటలు ముందుగా చూడాలి. మొదటి యుద్ధం నాటి పతకం దొరికితే దాని అంచును భూతద్దంతో పరిశీలించాలి. సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం ఆ అంచు మీదే చెక్కి ఉంటాయి. తోమి మెరిపించే ప్రయత్నం వద్దు, అక్షరాలు అరిగిపోతాయి. అదే యుద్ధంలో చనిపోయినవారి కుటుంబాలకు అరచేయంత కంచు ఫలకం కూడా పంపారు. దాని మీద పేరు మాత్రమే ఉంటుంది, హోదా ఉండదు. పింఛను కాగితం, మనీఆర్డర్ రసీదు, మరణవార్త తెచ్చిన తంతి, ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర ఉన్న కార్డు – ఇవన్నీ పనికొస్తాయి. పాత ఉత్తరాలు ఉర్దూలో ఉండి పిల్లలకు చదవడం రాకపోతే, చదవగల పెద్దవాళ్లతో ఒక్కసారి చదివించాలి.

ఇంటి పెద్దలను అడిగేటప్పుడు ‘ఏ రెజిమెంట్?’ అంటే జవాబు రాదు. గుర్రం మీద ఉండేవాడా, ఎక్కడ భర్తీ అయ్యాడు, ఊళ్లో ఇంకెవరు కలిసి వెళ్లారు, ఉత్తరాల్లో ఏ ఊరి పేరు రాసేవాడు అని అడగాలి. హోదా కూడా దారి చూపిస్తుంది. సవార్, దఫేదార్, రిసాల్దార్ అన్నవి అశ్వికదళం మాటలు. సిపాయి, నాయక్, హవల్దార్, సుబేదార్ అంటే కాల్బలం. సాపర్ అంటే రోడ్లు, వంతెనలు కట్టే దళం. భిస్తీ, సాయీస్, వంటవాడు, కూలీ దళంలో పనివాడు అని తెలిసినా వదిలేయకూడదు. యుద్ధంలో చనిపోయిన అలాంటివారి పేర్లు కూడా జాబితాల్లో ఉన్నాయి.

పేరులోని చిక్కులు

అప్పటి గుమాస్తాలు చెవికి వినిపించినట్టు ఇంగ్లిష్‌లో రాసుకున్నారు. షేక్ అన్న మాటనే ఎస్, హెచ్ తర్వాత ఒకరు ‘ఎ, ఐ’ అని, మరొకరు ‘ఇ, ఐ’ అని రాశారు. చివర ‘కె’ ఒక్కటే కొందరు పెట్టారు, ‘కె, హెచ్’ కొందరు పెట్టారు. మహమ్మద్‌కు పది రకాల స్పెల్లింగులు కనిపిస్తాయి. ఖాసిం, ఖాదర్, గౌస్ వంటి పేర్లు ‘కె’తో, ‘క్యూ’తో, ‘జి’తో, ‘జి, హెచ్’తో మారుతుంటాయి. అబ్దుల్ తర్వాతి మాటను కలిపి రాసిన చోట్లున్నాయి, విడగొట్టిన చోట్లూ ఉన్నాయి. మస్తాన్, దస్తగిరి, నాగూర్, బాజీ వంటి పేర్లు తెలుగు ఉచ్చారణ తెలియని గుమాస్తా చేతిలో ఇంకా మారిపోయాయి.

ఇంటిపేరు సంగతి మరొకటి. జాబితాలో ‘ఇంటిపేరు’ గడిలో సిపాయి పేరులోని చివరి మాట ఉండొచ్చు, ఒక్కోసారి మొత్తం పేరే ఉండొచ్చు. షేక్, సయ్యద్, పఠాన్, దూదేకుల అన్నవి ఆ గడిలో లేకపోయినా నిరాశపడనక్కర్లేదు. పేరులోని ప్రతి మాటనూ ఆ గడిలో విడివిడిగా పెట్టి చూడాలి.

ఊరు, జిల్లా, సంవత్సరం

చాలా నమోదుల్లో తండ్రి లేక భార్య పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. అయితే ఆ జిల్లాలు అప్పటివి. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది, కాబట్టి ఒంగోలు మనిషి గుంటూరు జిల్లా కింద ఉంటాడు. పశ్చిమ గోదావరి 1925లో వచ్చింది, ఏలూరు అంతకు ముందు కృష్ణా జిల్లాలో ఉండేది. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలో భాగం. కడప, విశాఖ, కృష్ణా పేర్లు ఇంగ్లిష్‌లో పాత స్పెల్లింగులతోనే ఉంటాయి.

నిజాం రాజ్యపు కాగితాల మీద ఫస్లీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. ఉదాహరణకు 1351 ఫస్లీ అంటే 1941 అక్టోబర్ నుంచి 1942 అక్టోబర్ వరకు. దీన్ని హిజ్రీ అనుకుంటే లెక్క సుమారు తొమ్మిదేళ్లు తప్పుతుంది.

ఏ ‘హైదరాబాద్’ దళం?

ఇక్కడ చాలామంది పొరబడతారు. హైదరాబాద్ పేరుతో రెండు వేర్వేరు సైన్యాలు ఉండేవి. ఒకటి నిజాం సొంత దళాలు. మొదటి యుద్ధంలో నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ అశ్వికులతో కలిసి ఈజిప్టు, పాలస్తీనా రంగంలో పనిచేశారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలో ఉన్న మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల లాన్సర్లకు గుర్తుగా పెట్టినవే. రెండో యుద్ధంలో నిజాం దళమైన ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ మలయాలో ఉంది. 1941 డిసెంబర్ 8న జపాన్ సేనలు దిగిన కోటా బారులో విమానాశ్రయానికి కాపలా కాసింది ఈ దళమే.

రెండోది బ్రిటిష్ భారత సైన్యంలోని దళాలు. 94వ, 95వ రస్సెల్స్, 96వ బేరార్ వంటి పాత కంటింజెంట్ పటాలాలను 1922లో కలిపి 19వ హైదరాబాద్ రెజిమెంట్‌గా చేశారు. అదే 1945లో కుమావూన్ రెజిమెంట్ అయింది. అందువల్ల జాబితాలో ‘19వ హైదరాబాద్’ అని ఉన్న సిపాయి కుమావూన్ కొండలవాడో, ఉత్తరాది జాట్‌వాడో కావచ్చు. ఊరు పేరు చూడకుండా ‘మనవాడే’ అనుకోకూడదు. 20వ డెక్కన్ హార్స్, 29వ లాన్సర్లు కలిసి డెక్కన్ హార్స్ అయ్యాయి. కోస్తా, రాయలసీమవారు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ మనుషులు కాబట్టి మద్రాస్ సాపర్స్, కర్నాటిక్ ఇన్‌ఫాంట్రీ, పయనీర్ దళాలు, రెండో యుద్ధంలోనైతే మద్రాస్ రెజిమెంట్, సర్వీస్ కోర్ కూడా చూడాలి.

కమిషన్ జాబితాలో వెతకడం

రెండు ప్రపంచ యుద్ధాల్లో మరణించిన సుమారు 17 లక్షల మంది వివరాలు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. 1917లో ఏర్పడిన ఈ సంస్థ జాబితాను ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. దీనికి డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మక్కర్లేదు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు జరిగిన మరణాలను ఈ జాబితా లెక్కలోకి తీసుకుంటుంది. తూటాకు పోయినవారితో పాటు జబ్బుతో, ఓడ మునిగి, ఖైదులో చనిపోయినవారు కూడా ఇందులో వస్తారు.

పేరుతో ఫలితం రాకపోతే పేరు గడి ఖాళీగా వదిలి, భారత సైన్యం అని ఎంచుకుని, దళం పేరు, మరణించిన ఏడాది ఇవ్వాలి. అదనపు సమాచారం గడిలో ఊరు పేరు రకరకాల స్పెల్లింగులతో పెట్టాలి. ఒకే పేరు, ఒకే దళం ఉన్న ఇద్దరు దొరికితే నంబరు, తండ్రి పేరు కలిసేదాకా ఖాయం చేసుకోకూడదు. గల్లంతైనవారి విషయంలో జాబితాలోని తేదీ అధికారులు అంచనాతో వేసినదై ఉండొచ్చు.

పేరు ఎక్కడ చెక్కారు?

ముస్లిం సైనికులను చాలాచోట్ల ఖననం చేశారు కాబట్టి వారికి విడిగా ఖబర్, రాతి ఫలకం ఉండే అవకాశం ఉంది. ఆ ఫలకాల మీద అరబీ వాక్యం కనిపిస్తుంది. ఖబర్ తెలియనివారి పేర్లు వారు మరణించిన రంగాన్ని బట్టి వేర్వేరు స్మారకాల మీద ఉంటాయి.

ఫ్రాన్స్, బెల్జియం రంగంలో పోయినవారికి 1927లో ఆవిష్కరించిన నవ్ షపెల్ స్మారకం ఉంది. అక్కడ 4,700కు పైగా భారతీయుల పేర్లున్నాయి. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో చనిపోయిన ముస్లిం సైనికులను వోకింగ్‌లోని ప్రత్యేక కబ్రస్తాన్‌లో ఖననం చేశారు, 1960ల చివర్లో ఆ సమాధులను బ్రూక్‌వుడ్‌కు మార్చారు. జర్మనీలో ఖైదీలుగా పోయిన 206 మంది భారతీయులు జెరెన్స్‌డార్ఫ్‌లో ఉన్నారు. ఈజిప్టు, పాలస్తీనా రంగంలోని భారతీయులకు మొదట సూయజ్ కాలువ ఒడ్డున పోర్ట్ తౌఫీక్‌లో స్మారకం కట్టారు. అది తర్వాతి యుద్ధాల్లో దెబ్బతినడంతో ఆ పేర్లను కైరోలోని హీలియోపోలిస్‌కు చేర్చారు. ఇరాక్ రంగానికి బస్రా స్మారకం ఉంది.

రెండో యుద్ధంలో బర్మాలో పోయి ఖబర్ తెలియనివారి పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్నాయి, దాదాపు 27 వేలు. మలయా, సింగపూర్ వారికి క్రాంజీలోని సింగపూర్ స్మారకం ఉంది. జపాన్ ఖైదీలుగా న్యూగినీ దాకా తరలించిన భారతీయుల్లో కొందరి సమాధులు లే పట్టణంలో ఉన్నాయి.

ఇండియా గేట్ మీద అందరి పేర్లూ ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఆ స్మారకం 70 వేల మందికి గుర్తుగా కట్టినదే అయినా దాని మీద చెక్కిన పేర్లు 13 వేల పైచిలుకు మాత్రమే. అక్కడ కనిపించలేదని వెతకడం ఆపకూడదు.

పేరు దొరకకపోతే

జాబితాలో లేకపోతే ఆయన యుద్ధానికి వెళ్లలేదని కాదు. బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలను దళానికి ఇంతమంది అని అంకెగా మాత్రమే చూపించారు. వారి పేర్లు రిజిస్టరు పుస్తకాలకే పరిమితమయ్యాయి. 2021లో కమిషన్ వేసిన ప్రత్యేక కమిటీ ఈ వివక్షను ఒప్పుకుంది. మొదటి యుద్ధంలో మరణించిన ఆసియా, ఆఫ్రికా వారిలో 45 వేల నుంచి 54 వేల మందికి సమానమైన గుర్తింపు దక్కలేదని, కనీసం 1,16,000 మందిని పేరుతో గానీ అసలు గానీ స్మరించలేదని ఆ నివేదిక తేల్చింది. మన ఊళ్ల సిపాయిలు, కూలీ దళాల వారు కొందరు ఆ ఖాళీల్లో ఉండొచ్చు.

పతకం, పింఛను కాగితం, సైనిక కార్యాలయం లేఖ వంటి రుజువులు ఉంటే కమిషన్‌కు పంపి పేరు చేర్చమని, తప్పుంటే దిద్దమని కోరవచ్చు. నోటి మాట సరిపోదు, కాగితం కావాలి. మూలప్రతులు ఇంట్లోనే ఉంచుకుని నకళ్లే పంపాలి.

ఇంకా ఎక్కడ అడగాలి?

నిజాం దళాల మనిషైతే హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. అక్కడి నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా ఉర్దూ, పర్షియన్‌లో ఉంటాయి కాబట్టి షికస్తా రాత చదవగలిగేవారిని వెంట తీసుకెళ్తే మేలు. బ్రిటిష్ భారత సైన్యంలో పనిచేసి ఉంటే దళాన్ని బట్టి బెంగళూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్, రాణిఖేత్‌లోని కుమావూన్ సెంటర్‌కు రాయాలి. ఏ దారీ తోచకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి. 1947లో సైన్యం పంచుకున్నప్పుడు బలూచ్, ఫ్రాంటియర్ ఫోర్స్ వంటి రెజిమెంట్లు పాకిస్తాన్‌కు వెళ్లాయి. ఆ దళాల పాత కాగితాలు ఇక్కడి సెంటర్లలో వెతికి లాభం లేదు.

దళం, తేదీ తెలిసినవారు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో వార్ డైరీలు చూడొచ్చు. ఆ రోజు ఆ దళం ఎక్కడుందో, ఏం జరిగిందో వాటిలో ఉంటుంది. సిపాయి పేరు వాటిలో కనిపించడం తక్కువ. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినట్టు ఇంట్లో మాట ఉంటే ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లోని ఆ ఫౌజ్ ఫైళ్లు అడగాలి. స్వాతంత్ర్యం తర్వాతి యుద్ధాల్లో అమరులైనవారి పేర్లు 2019లో ప్రారంభమైన ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్‌లోని గ్రానైట్ పలకల మీద ఉన్నాయి.

జాడ దొరికాక

కమిషన్ పేజీ నుంచి స్మారక పత్రాన్ని అచ్చు తీసుకోవచ్చు. సమాధి వరుస, నంబరు, లేదా స్మారకంలోని ఫలకం నంబరు రాసి పెట్టుకోవాలి. ఉమ్రాకు, ఉద్యోగానికి గల్ఫ్ దేశాలకు వెళ్లినవాళ్లు, సింగపూర్‌లో, లండన్‌లో ఉన్న బంధువులు ఎప్పుడైనా ఆ చోటు దాకా వెళ్లగలిగితే అక్కడ నిలబడి దుఆ చేసి రాగలరు. వెళ్లలేని ఇంట్లో ఆ పేరు, తండ్రి పేరు, నంబరు, దళం, తేదీ, చోటు ఒకే కాగితం మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో రాసి ఉంచాలి. ఈ పనిలో అన్నిటికన్నా త్వరగా చేజారిపోయేది పెద్దల జ్ఞాపకం. ఆర్కైవ్స్ వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. తొంభై ఏళ్ల ఫుప్పీ దగ్గర ఈ వారమే కూర్చుని అడగడం మంచిది.