నమూనా సరిపోలిక (తెలుగు పాఠం)

టెక్స్ట్ ఎడిటర్‌లో ఒక నమూనాను ఇచ్చి, దానికి సరిపడే పదాలను వెతికించే ప్రమేయాలను నమూనా సరిపోలిక ప్రమేయాలు అంటారు. ఇటువంటి నమూనాకే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పేరు. ఈ ప్రమేయాల ప్రవర్తనను మార్చదలచినప్పుడు తెలుగు పాఠం ప్రత్యేక శ్రద్ధ కోరుతుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పేర్లే దీనికి చక్కని ఉదాహరణలు.

యూనికోడ్‌లో ‘గద్వాల’ ఆరు సంకేతాలు. పలికేవాడికి మాత్రం అవి గ, ద్వా, ల అనే మూడు అక్షరాలే. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 వరకూ పాఠాన్ని అక్షరాలుగా విడదీసే ప్రామాణిక నియమం పొల్లు దగ్గర విరిచి ఈ పేరును నాలుగు ముక్కలుగా లెక్కించగా, ఆ కూర్పు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా గుర్తించడంతో ‘వనపర్తి’ కూడా ఐదు నుంచి నాలుగుకు తగ్గింది. ఈ దిద్దుబాటు న్యాయమైనదే, అయితే పాత లెక్కపై రాసిన నమూనాలు దానివల్ల తప్పుతాయి.

‘నాగర్‌కర్నూల్’ సమస్య మరింత లోతైనది: ‘ర్’ తర్వాత ‘క’ వత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని విభజక సంకేతం అందులో ఉంటుంది. ఆ సంకేతం లేకుండా టైపు చేసినవారికి, కచ్చితంగా పోల్చే వెతుకులాటలో జిల్లా పేరు దొరకదు. దాన్ని విస్మరించేలా ప్రమేయాన్ని మార్చవచ్చు కాని, అప్పుడు వత్తుతో రాసిన రూపమూ విడిగా రాసిన రూపమూ ఒకటైపోతాయి. అందుచేత మార్పును మొదట ఐచ్ఛికంగా ఇచ్చి, పాత నమూనాలను పరీక్షించి, ముందుగా ప్రకటించిన తర్వాతే డిఫాల్ట్ ప్రవర్తనగా చేయడం ఉత్తమం. ఉదాహరణకు, 2016లో విడుదలైన ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ 25.1 కూర్పులో, సంబంధిత అక్షరరూపాలను ఒకటిగా చూసే వెతుకులాట ఐచ్ఛికంగానే వచ్చింది.