తారాజువ్వ పుల్ల నుంచి గైరో దాకా

పుల్ల విరిచేసి తారాజువ్వ వెలిగిస్తే ఏమవుతుందో జంగారెడ్డిగూడెం కుర్రాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైకి పోదు. నేలమీదే గిరగిరా తిరిగి ఎవరి పంచె అంచుకో అంటుకుంటుంది. బుట్టాయగూడెం వైపు ఏజెన్సీలో విల్లంబులు పట్టినవాళ్లకూ ఈ కిటుకు కొత్తకాదు. బరువు ముందుండాలి, గాలి ఒడిసిపట్టే భాగం వెనకుండాలి. అప్పుడు ముక్కు పక్కకు తిరిగితే గాలే తోకను నెట్టి దారిలో పెడుతుంది.

1780లో ఈస్టిండియా కంపెనీకి ఈ తోకకర్ర బాగా తెలిసొచ్చింది. కర్నల్ విలియం బెయిలీ దండు బయల్దేరింది మన గుంటూరు సీమ నుంచే. కంపెనీకే చెందిన సేనాని మన్రో సేనను కలవడానికి దక్షిణాదికి పోతుంటే కొర్తలయారు ఏరు పొంగి రోజుల తరబడి ఆపేసింది. సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో హైదరాలీ, టిప్పు చుట్టుముట్టారు. కంపెనీ మందుగుండు బళ్లు పేలిపోయాయి. మైసూరు రాకెట్ల వల్లేనని కొందరంటారు, ఫిరంగి గుళ్ల వల్లని మరికొందరు. ఆ రాకెట్లలో మందు కూరింది ఇనుప గొట్టంలో, వెనక కట్టింది వెదురు కర్ర. శ్రీరంగపట్నం పడ్డాక కొన్ని ఇంగ్లండు చేరాయి, అక్కడ కాంగ్రీవు అనే ఆంగ్లేయుడు వాటిని చూసే తన రాకెట్లు చేశాడు.

టిప్పును క్షిపణుల పితామహుడనడం మనకు ముచ్చటే గానీ, నా లెక్కలో అది సగం నిజం. అంటించాక ఆ రాకెట్ ఎవరి మాటా వినదు. 1844లో విలియం హేల్ కర్ర తీసేసి, పొగను ఏటవాలుగా వదిలి, రాకెట్ తన చుట్టూ తానే తిరిగేలా చేశాడు. తడబాటు తగ్గింది. దారి తప్పితే సరిదిద్దుకునే తెలివి మాత్రం రాలేదు.

ఆ తెలివికి గైరో కావాలి. వేగంగా తిరిగే చక్రం తన దిక్కు వదలదు, కాబట్టి ఆయుధం ఎటు ఎంత ఒరిగిందో దాన్నిబట్టి తెలుస్తుంది. త్వరణాన్ని కొలిచే పరికరాలు జతచేస్తే ఎంత దూరం వచ్చిందో లెక్క తేలుతుంది. ఆ లెక్క చూసి కంప్యూటర్ రెక్కలను కదుపుతుంది. చిక్కల్లా ఒక్కటే, కొలతలో పిసరంత తేడా ఉన్నా ప్రయాణం సాగేకొద్దీ అది పెరిగిపోతుంది.

ఇలాంటి పరికరాలు మనకు బయట దొరికేవి కావు. 1987లో ఏడు సంపన్న దేశాలు క్షిపణి సాంకేతికతపై ఆంక్షలు పెట్టాయి, ఆ జాబితాలో గైరోలూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో 1983లో కలాం సారథ్యాన మొదలైన క్షిపణి కార్యక్రమం అప్పటికే నడుస్తోంది. 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పృథ్వి క్షిపణి లేచింది, గైరోలు దాని ఒంటికే బిగించి ఉన్నాయి. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి 1986లో ఆ ల్యాబ్‌లో చేరిన జి.సతీష్‌రెడ్డి నావిగేషన్‌నే తన రంగం చేసుకుని, 2018లో డీఆర్‌డీఓ అధిపతి అయ్యారు.

అదే హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ చేసిన ‘గౌరవ్’ బాంబును 2024 ఆగస్టు 13న ఒడిశా తీరంలో సుఖోయ్ విమానం నుంచి వదిలారు. వెయ్యి కిలోల తరగతి. ఇంజనే లేదు. రెక్కల మీద జారుతూ, గైరో లెక్కను జీపీఎస్‌తో సరిచూసుకుంటూ పోయి దీవిలో పెట్టిన గురిని కొట్టింది.