పల్లెబడిలో చదువు, గ్రహింపు

ఐతియోపీయుడైన నపుంసకుడు రథముమీద కూర్చుండి యెషయా గ్రంథము చదువుచుండగా, ఫిలిప్పు పరుగెత్తి అతని సమీపించి, ఆ సంగతి బోధపడుచున్నదా అని అడిగినట్లు అపొస్తలుల కార్యములలో చూచుచున్నాము. ఆ మంత్రికి అక్షరములు బాగుగా వచ్చును. ఫిలిప్పు చెవిని పడునట్లు పైకే చదివెను. అయినను ఫిలిప్పు అతని ఉచ్చారణను పరీక్షింపలేదు. మన పల్లెబడుల చరిత్ర చదువునప్పుడెల్ల నాకు ఆ ప్రశ్నయే జ్ఞాపకమునకు వచ్చును.

1823వ సంవత్సరమున బళ్లారి కలెక్టరుగా నుండిన క్యాంబెల్ దొర తన జిల్లాలోని వీధిబడులనుగూర్చి మద్రాసుకు నివేదిక వ్రాసెను. నేటి అనంతపురము సీమ అప్పుడు ఆ జిల్లాలోనిదే. 533 బడులు, 6,641 మంది పిల్లలు. వారు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుదురు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుదురు. ఈ పద్ధతిని ఆయన మెచ్చుకొనెను. అయితే పిల్లలు వల్లించు పద్యముల భాష ఇంట మాటలాడు భాష కాదు. వాటి అర్థము వారికి తెలియదు, పంతులు చెప్పడు. చిలుకపలుకులని మనవారనునది ఇదే. మరియొక సంగతియు ఆయన వ్రాసెను. బీదరికముచేత తలిదండ్రులు పసిపిల్లలను సైతము పనిలో పెట్టవలసివచ్చుచున్నదనియు, పూర్వము బడులున్న అనేక గ్రామములలో ఇప్పుడు అవి లేవనియు చెప్పెను.

ఆ వీధిబడి అరుగుమీద మాల మాదిగల పిల్లలకు చోటు లేకుండెను. 1866లో క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చినప్పుడు అక్కడి బ్రాహ్మణులు తమ కుమారులకు చదువు చెప్పుమని కోరగా, ఆయన బడి తెరచెను. ఇంతలో తాళ్లకొండపాడు మాదిగలలో యర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యమువలన అనేకులు ప్రభువును నమ్మిరి. వీరిని చేర్చుకొన్నయెడల మేము రామని పెద్దకులములవారు స్పష్టముగా చెప్పిరి. ఆ దినమున దొరగారును, వేరొక గదిలో దొరసానిగారును ఎవరికి వారే బైబిలు తెరువగా, ఇద్దరికిని మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయములో దేవుడు బలహీనులను ఏర్పరచుకొన్న భాగమే కనబడెను. వారు మాదిగలను చేర్చుకొనిరి. బడి ఖాళీ అయ్యెను. పెద్దింటి పిల్లలతో నిండిన బడిని పోగొట్టుకొనుటకు ఎంత ధైర్యము కావలెనో బడి నడిపినవారికి తెలియును.

తరువాత 1876–78 కరవు. 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అక్షరము ఎరిగినవారు బహు కొద్దిమంది. ఇన్ని పల్లెలకు పంతుళ్లను ఎక్కడనుండి తేవలెను? రామాపట్నములో 1872లోనే వేదపాఠశాల ప్రారంభమైనను, దొరికినవారినే పంపవలసివచ్చెను. కొందరి చదువు వారి శిష్యుల చదువుకంటె రెండుమూడు మెట్లు మాత్రమే ఎక్కువ. పగలు బడి, సాయంకాలము ప్రార్థన, ఆదివారము ప్రసంగము, నడుమ చావులు, పెండ్లిండ్లు, తగవులు – అన్నియు ఒక్క పంతులుగారి మీదనే. ఒక్క పాకలో ఒకడు గుణింతము దిద్దుచుండగా మరియొకడు ఎక్కములు అప్పజెప్పును. ఎండలు ముదరగానే సగముమంది పశువుల వెంట పోవుదురు.

వీరి పనిని కొలుచుటకు ప్రభుత్వము వాడిన కొలబద్ద మాత్రము సరియైనది కాదు. 1862లో ఇంగ్లండులో రాబర్టు లో అనునాయన ఏర్పరచిన ఫలితానుసార గ్రాంటు పద్ధతి మద్రాసు రాజధానికిని వచ్చెను. పరీక్షాధికారి వచ్చి చదివించి, వ్రాయించి, లెక్కలు చేయించును. నెగ్గిన పిల్లలనుబట్టి డబ్బు. చదువ చేతకాని పిల్లవానిని సైతము ఉపాయముగా ఆ పరీక్ష దాటించవచ్చునని ఇంగ్లండులోనే పరీక్షాధికారియైన మాథ్యూ ఆర్నాల్డు ప్రభుత్వమునకు వ్రాసెను. పుస్తకము ఒక్కటే, సంవత్సరమంతయు అదే. కంఠస్థమైన తరువాత కన్ను ఎక్కడున్ననేమి? 1904లో కర్జను ప్రభుత్వము ఆ పద్ధతిని విడువవలెనని తీర్మానించువరకు ఎన్ని బడులు ఈ విధముగా మంచి బడులని పేరు పొందెనో!

1929లో హార్టాగ్ కమిటీ మరియొక విధముగా లెక్కించెను. బ్రిటిషు ఇండియాలో 1922–23లో ఒకటవ తరగతిలోనున్న ప్రతి 100 మంది పిల్లలకు 1925–26లో నాలుగవ తరగతిలో కనబడినవారు 18 మందే. తక్కినవారిలో కొందరు క్రింది తరగతులలోనే ఆగిరి, అనేకులు బడి మానిరి. ఇందుకు పంతుళ్లను నిందించుట సులభము. నాలుగు తరగతులకు ఒక్క పంతులును, నాలుగు నోళ్లకు ఒక్క కూలియు ఉన్నచోట నేను అట్లు నిందింపజాలను.

అయినను మన పల్లెబడికి వీధిబడికి లేని సహాయము ఒకటి ఉండెను. నేర్చిన అక్షరముతో ఆ సాయంకాలమే పని యుండెను. దీపము దగ్గర పిల్లవాడు సువార్త చదువగా, చదువురాని తండ్రి దాని భావమేమని అడుగవచ్చును. అన్ని పల్లెలలోను అట్లు జరిగెనని నేననను. మన బైబిలు భాషయు ఇంటి భాష కాదు గనుక, క్యాంబెల్ దొర వీధిబడులమీద మోపిన తప్పు మనమీదను కొంత పడును. నెహెమ్యా దినములలో లేవీయులు ధర్మశాస్త్రము చదివి ఊరకుండక, జనులకు అర్థము చెప్పిరి. అంతవరకు పోయిన పంతులుగారు పాకలో ఉన్నను మంచి బడి నడిపినవారే.

నేడు పాకలు పోయినవి. పక్కా గదులు, పుస్తకములు, మధ్యాహ్న భోజనము వచ్చినవి. ప్రథమ్ అను సంస్థ 2005 నుండి దేశమంతటను పల్లెలలో ఇండ్లకు మనుష్యులను పంపి, పిల్లల చేతికి చిన్న కథ యొకటి ఇచ్చి చదివించుచున్నది. అది వారు వల్లించిన పాఠము కాదు. 2022లో అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి స్థాయి కథను చదువగలిగినవారు దేశముమీద సగముకంటె తక్కువ. ఇట్టి కాగితము సండేస్కూలులోను పెట్టవచ్చును. పిల్లలకు నోటికి వచ్చిన కీర్తనగాని కంఠతవాక్యముగాని వద్దు; ఎన్నడు వినని అయిదారు పంక్తులు చాలును. చదివిన తరువాత కాగితము తీసికొని, ఏమి చదివితివి నాయనా అని అడుగవలెను.