హెలికాప్టరు ముందుకు సాగిన కథ

2024 సెప్టెంబరు 2వ తేది పొలాల అమావాస్య. బుడమేరు గండ్లు పడి సింగునగరము నీట మునిగి అప్పటికి రెండవ దినము. ప్రకాశము బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో పరుగిడుచుండెను. ఆ వరద దినములలో పడవలు చొరరాని వీధులకు హెలికాప్టర్లును, డ్రోనులును ఆహారపు పొట్లములను, నీటి సీసాలను మోసికొని వచ్చినవి. మిద్దెలపై నిలిచి చేతులు చాచినవారిలో నేనును ఒకడను. నా ప్రక్కనున్న మనుమడు ఆకలి మఱచి, "తాతయ్యా, ఇది ఉన్నచోటనే నిలువగలదు గదా, వచ్చేటప్పుడు ముక్కు వంచుకొని యెందుకు వస్తుంది?" అని యడిగెను. నలువది యేండ్లు బడిలో పాఠము చెప్పినవాడనయ్యు నాకు జవాబు తోచలేదు. వరద తీసిన పిమ్మట తెలిసినవారి నడిగి, గ్రంథములు చూచి గ్రహించిన సంగతిని మీకు విన్నవించుచున్నాను.

నిట్టనిలువుగా లేచుటయే గొప్పయని మన మనుకొందుము. నిజమునకు కష్టము ముందుకు సాగుటలో నున్నది. హెలికాప్టరు తలమీద తిరుగునవి ఱెక్కలే. విమానపు ఱెక్క విమానముతోపాటు సాగి గాలిని కోయును. ఇవి గానుగెద్దువలె చుట్టు తిరిగి కోయును. యంత్రము గాలిలేని చోట నిలిచియున్నంతసేపు ఏ ప్రక్క ఱెక్కకైనను తగులు గాలి ఒక్కటే. అది ముందుకు కదలినంతనే ఒక ప్రక్క ఱెక్క ఎదురుగాలికి ఎదురేగును, రెండవ ప్రక్క ఱెక్క గాలితోపాటు వెనుకకు పోవును. ఱెక్క కొన సెకనుకు 200 మీటర్ల వేగమున తిరుగుచున్నదనుకొనుడు. యంత్రము సెకనుకు 60 మీటర్లు, అనగా గంటకు 216 కిలోమీటర్లు, పోవుచున్నదనుకొనుడు. అప్పుడొక కొనకు తగులు గాలి 260, రెండవ కొనకు 140. ఎత్తుబలము వేగము యొక్క వర్గమును బట్టి యుండును గావున ఒక ప్రక్క బలము రెండవదానికి ఇంచుమించు మూడున్నర రెట్లగును. కావడికి ఒక వైపున మూడు కుండలును, రెండవ వైపున ఒక్కటియు కట్టినచో మోయువాని గతి యేమగునో ఊహించుకొనుడు.

1907లో ఫ్రాన్సు దేశమున దువే పట్టణమున బ్రెగె సోదరులు నాలుగు చక్రములుగా ఱెక్కలమర్చిన యంత్రమును నేలనుండి లేపిరి. దానిని నలుగురు మనుష్యులు నాలుగు మూలల పట్టుకొని యుండవలసి వచ్చెను. అది లేచినదే గాని ఎచ్చటికిని పోలేదు.

చిక్కును విప్పినవాడు స్పెయిన్ దేశీయుడగు హువాన్ దె లా సియెర్వా. 1919లో ఆయన నిర్మించిన మూడింజనుల విమానము మలుపులో వేగము తగ్గి కూలిపోయెను. వేగము తగ్గినను కూలని యంత్రము కావలెనని ఆయన పట్టుపట్టెను. ముందున్న ఇంజను ఈడ్చుచుండగా తలమీది ఱెక్కలు గాలికి తమంతట తాము తిరుగు ‘ఆటోజైరో’ ఆయన సృష్టి. ఇది హెలికాప్టరు కాదు, దాని పెత్తండ్రి యనవచ్చును. మొదటి మూడు యంత్రములును పనికిరాలేదు, ఒక ప్రక్కకు ఒరిగిపోవుచుండెను. ఆశ్చర్యమేమన, అదే ఆకారమున చేసిన చిన్న బొమ్మ మాత్రము చక్కగా ఎగిరెను. కారణమేమి? బొమ్మ ఱెక్కలలో నున్నది వంగెడి పేము బద్ద. పెద్ద యంత్రపు ఱెక్కలు బిగుసుకొనియుండెను. (మా బడులలో బెత్తముగా వాడినదియు ఈ పేమే, దానివలన ఇంత గొప్ప పాఠము నేర్పవచ్చునని మా కెవ్వరికిని తోచలేదు.)

అంతట సియెర్వా ప్రతి ఱెక్క మొదటను తలుపు బందువంటి కీలు పెట్టెను. ఎదురేగు ఱెక్కకు బలము హెచ్చగానే అది కీలుపై పైకి లేచును. లేచుచున్నంతసేపు గాలి దానికి పైనుండి తగిలినట్లయి, గాలిని కోయు వాలు తగ్గి బలము తగ్గును. వెనుకకు మరలు ఱెక్క క్రిందికి దిగును. దిగునప్పుడు వాలు హెచ్చి బలము పుంజుకొనును. ఎవరును సర్ద నక్కఱలేదు, తనంతట తానే సమమగును. మా వ్యాకరణములో ‘బహుళము’ అను మాట యెట్టిదో ఈ కీలట్టిది: సూత్రము సడలక, పట్టు విడువక, అవసరమైన చోట వంగనిచ్చును. 1923 జనవరిలో మాడ్రిడు చెంత హెటాఫె మైదానమున ఆయన నాలుగవ యంత్రము నిలుకడగా ఎగిరెను. ఈ కథలో నా మ్రొక్కు లన్నియు ఆ కీలునకే. సియెర్వా 1936 డిసెంబరులో లండను చెంత క్రాయ్డను వద్ద మంచులో బయలుదేరిన సాధారణ విమానము కూలి ప్రయాణికుడుగా మరణించెను. ఆయన భయపడినది ఆ జాతి విమానములనే.

ఆటోజైరోలను లైసెన్సుపై నిర్మించి అనుభవము గడించిన జర్మనీ దేశీయుడు ఫోకె 1936 జూనులో రెండు చక్రముల హెలికాప్టరు నెగిరించెను. అమెరికాలో సికోర్‌స్కీ కథ విచిత్రమైనది. ఆయన వి.ఎస్.-300 అను యంత్రము 1939లో త్రాళ్లతో కట్టబడియు, 1940 మేలో స్వేచ్ఛగాను ఎగిరెను. ప్రక్కకు పోయెను, వెనుకకు పోయెను, ముందుకు మాత్రము సరిగా పోదాయెను! తోక చెంత నున్న చిన్న చక్రములపై పెద్ద చక్రపు గాలి పడి పీడించుటయే హేతువు. తుదకు 1941లో, ఒక్కొక్క చుట్టులోను ఱెక్క వాలును పైలటు మార్చుకొను ఏర్పాటును పెద్ద చక్రమునకే అమర్చిన పిమ్మట యంత్రము దారికి వచ్చెను.

ఇంత చేసినను హద్దు తొలగలేదు. మరలు ఱెక్కకు గాలి చాలదు. ఎదురేగు ఱెక్క కొన ధ్వనివేగమును సమీపించును. 1986లో లింక్సు అను హెలికాప్టరు గంటకు 400.87 కిలోమీటర్ల వేగము నందెను. సాధారణపు హెలికాప్టర్లకు అది నేటికిని ఇంచుమించు సరిహద్దే. 1989లో ఎగిరిన వి-22 విమానము వేఱొక మార్గము పట్టినది. లేచిన పిమ్మట చక్రములను ముందుకు వంచి గాలికి ముఖాముఖిగా నిలుపును, బరువును ఱెక్కల కప్పగించును. అప్పుడు ఎదురేగుట, మరలుట అను భేదమే లేదు.

ఇక మనుమని ప్రశ్న. డ్రోనుకు కీళ్లు లేవు. నాలుగు చిన్న చక్రములలో రెండిటి నొకవైపును, రెండిటిని మఱియొకవైపును త్రిప్పుటచే ఒరుగుడు చెల్లిపోవును. చక్రముల బలము తిన్నగా పైకే యుండును గావున, ముందుకు పోవలెనన్న దేహమంతయు వంగవలెను. ఎదురుగాలి ముక్కును పైకెత్త జూచును. అంతట వెనుక చక్రములు వేగము పెంచి దానిని త్రొక్కిపట్టును. ఈ సర్దుబాటు సెకనుకు వందలమార్లు జరుగును. మోయుటకును, సాగుటకును ఆ చక్రములే దిక్కు గావున బ్యాటరీ త్వరగా తఱుగును. మా మిద్దెకు ఒక్కొక్కసారి కొద్ది పొట్లములే వచ్చుటకు కారణమిదియే.

అటుపిమ్మట ఏడు వారములకు, అక్టోబరు 22వ తేది రాత్రి, పున్నమి ఘాటున 5,500 డ్రోనులు ఆకాశమున దీపపు బొమ్మలు కట్టినవి. జనులు బొమ్మలను చూచి కేరింతలు కొట్టిరి. నా మనుమడు మాత్రము, ఒక బొమ్మ చెదరి మఱియొక బొమ్మ యగునప్పుడు అవి ముక్కు వంచుచున్నవా లేదా యని చీకటిలోనికి కండ్లు చికిలించి చూచుచుండెను.