సంఘంలోకి ఎందుకొచ్చాం, ఎందుకు నిలిచాం?



ఈ పుస్తకం ముందు పేజీల్లో సంఘాలెన్ని, సభ్యులెంతమంది, పొదుపు ఎంత, బ్యాంకు అప్పు ఎంత అనే లెక్కలు చూసే ఉంటారు. ఆ పట్టికల్లో ఒక గడి మాత్రం ఉండదు. మొదట్లో మనతో కూర్చుని, ఇప్పుడు కూర్చోనివాళ్ల గడి అది. మీ సంఘం పాత మినిట్స్ పుస్తకం తీసి మొదటి తీర్మానం కింద ఉన్న వేలిముద్రలు, సంతకాలు ఒకసారి చూడండి. వాళ్లలో కొందరు కాలం చేసి ఉంటారు. కొందరు బిడ్డల దగ్గరికి వెళ్లిపోయి ఉంటారు. ఇంకొందరు మాత్రం ఇదే ఊళ్లో, మన వీధిలోనే ఉంటారు. బోరింగు దగ్గర కనపడితే పలకరిస్తారు, సంఘం మాట మాత్రం ఎత్తరు.

వాళ్లెందుకు మానేశారో తెలియాలంటే, అసలు మనమంతా ఎందుకు చేరామో కూడా గుర్తు చేసుకోవాలి. మన సంఘాల వయసు నలభై ఏళ్లు దాటింది. ఈ నలభై ఏళ్లలో ఆడవాళ్లు సంఘంలోకి వచ్చిన కారణాలు చాలాసార్లు మారాయి. నిలిచిన కారణం మాత్రం పెద్దగా మారలేదు.

పని కోసం కట్టిన గ్రూపులు

డ్వాక్రా 1982లో వచ్చింది. దేశంలో మొదట 50 జిల్లాల్లో పెట్టారు. పల్లెల్లోని పేద ఆడవాళ్లు 15 నుంచి 20 మంది ఒక గ్రూపుగా చేరి ఏదో ఒక పని చేసుకోవాలి, దానికి 15 వేల రూపాయల రివాల్వింగ్ ఫండ్ ఇస్తారు. అప్పట్లో గ్రూపుకు పొదుపు ప్రాణం కాదు, పని ప్రాణం. బుట్టలల్లడం, కుట్టుపని, పచ్చళ్లు, అప్పడాలు ఇలాంటివి.

ఆలోచన మంచిదే. కానీ ఒకే ఊళ్లో ఒకే పని చేసే 20 మంది దొరకడం కష్టమైంది. తర్వాత ఆ సంఖ్యను 10 నుంచి 15కు తగ్గించారు. తయారైన సరుకు అమ్ముడుపోకపోతే గ్రూపు చెదిరిపోయేది. కలిసి కూర్చోవడానికి పని తప్ప ఇంకో కారణం లేనప్పుడు, పని ఆగగానే కూర్చోవడం కూడా ఆగిపోయేది.

పక్క రాష్ట్రంలో ఒక పాఠం

అదే కాలంలో కర్ణాటకలో మైరాడ అనే స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో సహకార సంఘాలు పెట్టించింది. ఒక్కో సంఘంలో వందకు పైగా సభ్యులు ఉండేవారు. అంత పెద్ద సంఘంలో ఒకరిద్దరు పెద్దమనుషుల మాటే చెల్లింది. లెక్కలు వాళ్లకే తెలుసు, అప్పులు వాళ్లవాళ్లకే అందేవి. 1984-85 ప్రాంతంలో ఆ సంఘాలు విరిగిపోవడం మొదలైంది. విసిగిపోయిన సభ్యులు బయటికి వచ్చేశారు.

బయటికొచ్చినవాళ్లు ఇళ్లకు పోయి ఊరుకోలేదు. ఒకరిమీద ఒకరికి నమ్మకం ఉన్నవాళ్లు చిన్న చిన్న గుంపులుగా కూర్చున్నారు. తీసుకున్న అప్పు సంస్థకే తిరిగి కడతాం, ఆ పెద్ద సంఘానికి మాత్రం కట్టం అన్నారు. అయితే ఆ డబ్బు మీ చిన్న గుంపులోనే పెట్టుకుని మీరే తిప్పుకోండి అని సంస్థవాళ్లు చెప్పారు. 1986-87 నాటికి అలాంటి సంఘాలు సుమారు 300 అయ్యాయి. 1987లో నాబార్డు ఈ ప్రయోగానికి 10 లక్షల రూపాయలు ఇచ్చింది. 1992లో అదే నాబార్డు దేశంలో 500 సంఘాలను బ్యాంకులతో కలపాలని ప్రయోగం మొదలుపెట్టింది. ఇవాళ మనం తాకట్టు లేకుండా బ్యాంకు మెట్లు ఎక్కుతున్నామంటే దాని మూలం అక్కడుంది.

ఈ కథలో మనం గమనించాల్సింది, ఆ సభ్యులు సంఘం అంటేనే విసుగు పుట్టి పోలేదు. తమ డబ్బు లెక్క తమకు తెలియని సంఘంలోంచి పోయారు. లెక్క తెలిసేంత చిన్న సంఘంలో మళ్లీ చేరారు.

అక్షరం నుంచి సారా దుకాణం దాకా

మన తెలుగునాట ఆడవాళ్లను పెద్ద ఎత్తున ఒక్కచోట కూర్చోబెట్టింది డబ్బు కాదు, చదువు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలు పొలం పని, రాత్రి లాంతరు కింద పలక. పాఠాల్లో సీతమ్మ కథ అని ఒకటుంది. తాగుడు వల్ల ఇల్లు ఏమైపోతుందో చెప్పే కథ. ఆ పాఠం చదివిన ఆడవాళ్లు అది తమ కథే అనుకున్నారు.

కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఇంకా ఆ ఊరి ఆడవాళ్లు కలిసి 1992లో సారా దుకాణం మూయించారు. మగవాళ్ల కూలి డబ్బు ఇంటికి రాకముందే సారా ప్యాకెట్ల కింద పోయే రోజులవి. దూబగుంట సంగతే తర్వాత వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమైంది. అది చదివి ఊరూరా ఆడవాళ్లు కదిలారు. జిల్లాలో సారా వేలంపాటలను అడ్డుకున్నారు, వేలం మళ్లీ మళ్లీ వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

నిషేధం పోయింది గానీ సంఘాలు పోలేదు. ఇది ఆలోచించాల్సిన సంగతి. కోపంతో కూడినవాళ్లు కోపం చల్లారాక ఇళ్లకు పోవాలి కదా? వీళ్లెందుకు పోలేదు?

ఎందుకంటే వాళ్ల చేతికి ఇంకో పని దొరికింది. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి పక్కన పెడదాం అనుకున్నారు. నెలకు 30 రూపాయలు. దానికే పొదుపు లక్ష్మి అని పేరు. నెల్లూరులో మొదలై రాష్ట్రమంతా పాకింది. ఆ రూపాయి చిన్నదే కాబట్టి కూలికి పోయే మనిషి కూడా పెట్టగలిగింది. అందరూ ఒకే మొత్తం పెట్టారు కాబట్టి సంఘంలో ఎక్కువ తక్కువలు లేవు. బిడ్డకు జ్వరమొచ్చినా, బడి ఫీజు కట్టాల్సి వచ్చినా, రాత్రికి రాత్రి వందో రెండొందలో సంఘంలోంచే తెచ్చుకోగలిగింది. వడ్డీ వ్యాపారి గుమ్మంలో నిలబడాల్సిన అవసరం తప్పింది. ఉద్యమం ఆడవాళ్లను పోగుచేసింది, ఆ చేబదులు వాళ్లను నిలబెట్టింది.

పథకం కోసం వచ్చినవాళ్లు

1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా గ్రూపులో ఉన్న ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్. పొయ్యి పొగతో కళ్లు మండిన మనకు అది చిన్న విషయం కాదు. గ్యాస్ కోసం చాలామంది గ్రూపుల్లో చేరారు, కొత్త గ్రూపులు కూడా కట్టారు. అదే ఏడాది డ్వాక్రా పథకం ఎస్‌జీఎస్‌వైలో కలిసిపోయింది. అయినా ఊళ్లో మనల్ని ఇప్పటికీ డ్వాక్రా ఆడవాళ్లనే అంటారు.

పథకం కోసం చేరడంలో తప్పేమీ లేదు. మనలో చాలామంది అలా వచ్చినవాళ్లమే. కానీ పథకం అందాక ఆ మనిషిని మళ్లీ మీటింగుకు రప్పించేది ఏంటి? వచ్చే వారం కూడా కూర్చుని, పొదుపు పెట్టి, అప్పు తిప్పి, పుస్తకం చదివి వినిపించిన గ్రూపుల్లో వాళ్లు నిలిచారు. సిలిండర్ వచ్చాక పుస్తకమే తెరవని గ్రూపులు పేరుకే మిగిలాయి.

2000లో ఆరు జిల్లాల్లో వెలుగు మొదలైనప్పుడు ఈ అనుభవమే పనికొచ్చింది. ఆ తర్వాత మిగతా జిల్లాలకూ వెళ్లి, 2005లో ఇందిరా క్రాంతి పథంగా మారింది. సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని మెట్లు కట్టారు. మనం ప్రతి మీటింగులో చెప్పుకునే పంచసూత్రాలు ఊరికే పుట్టలేదు. క్రమంగా మీటింగు, క్రమంగా పొదుపు, క్రమంగా అప్పులివ్వడం, సమయానికి తిరిగి కట్టడం, లెక్కలు సరిగ్గా రాయడం. వీటిలో ఏది తప్పినా సంఘాలు ఎలా కూలిపోతాయో చూసినవాళ్లు రాసుకున్నవి.

అప్పట్లోనే గ్రామ సమాఖ్యలు బియ్యం టోకుగా కొని సభ్యులకు అప్పుగా ఇచ్చాయి. సభ్యురాలు తర్వాత వాయిదాల్లో కట్టేది. పనుల్లేని నెలల్లో పొదుపు పెట్టలేక మీటింగుకు మొహం చాటేసే నిరుపేద ఆడవాళ్లు ఆ బియ్యం కోసం వచ్చారు, వచ్చి కూర్చున్నారు. ఎవరు దూరమవుతున్నారో చూసి, వాళ్లకు ఏం కావాలో అది పెడితే మనిషి తిరిగొస్తుందని ఆ బియ్యం చెప్పింది.

ఇంటి ముందుకొచ్చిన అప్పు

తర్వాత మనల్ని బాగా దెబ్బతీసిన కాలం వచ్చింది. మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఐదుగురిని ఒక జట్టుగా కట్టి, గుమ్మం ముందుకే వచ్చి అప్పులిచ్చాయి. మన సభ్యులే వెళ్లి తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారు? సంఘంలో బ్యాంకు అప్పు రావాలంటే నెలలు పట్టేది, వచ్చినా అందరికీ సమానంగా పంచేవాళ్లం. ఎక్కువ అవసరం ఉన్న మనిషికి అది చాలేది కాదు. కంపెనీ వెంటనే ఇచ్చింది.

వారం తిరగ్గానే వాయిదా. ఒక కంపెనీ వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు. సంఘం పొదుపు పక్కన పడింది, మీటింగు రోజు కంపెనీ వసూలు రోజుతో ఢీకొంది. 2006లో కృష్ణా జిల్లాలో గొడవలై అధికారులు కొన్ని బ్రాంచీలు మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీలు రిజిస్టర్ చేసుకోవాలి, ఇంటి మీదికి వెళ్లి వసూలు చేయకూడదు అని కట్టడి చేసింది. 2011లో స్త్రీనిధి వచ్చింది, అప్పు తొందరగా అందే దారి ఒకటి మనకంటూ ఏర్పడింది.

కంపెనీలను తిట్టుకోవడం సులువు. కానీ ఆ రోజుల్లో మన సభ్యురాలికి అవసరం వచ్చినప్పుడు సంఘం ఆమెను అడగలేదు, ఆమె సంఘానికి చెప్పలేదు. ఆ మాట మనం ఒప్పుకోవాలి.

ఇప్పుడు మన ముందున్నది

తాకట్టు లేకుండా సంఘానికి ఇచ్చే అప్పు 10 లక్షల దాకా ఉండేది. 2021లో రిజర్వు బ్యాంకు దాన్ని 20 లక్షలకు పెంచింది. సంతోషమే. కానీ అప్పు పెరిగేకొద్దీ భయం కూడా పెరిగింది. ఒక్కరు కట్టకపోతే అందరి మీదా పడుతుందనే భయం. ఆ భయంతో మనం చేసే పని ఒకటుంది. భర్త చనిపోయిన మనిషిని, వలస పోయి వచ్చే మనిషిని, జబ్బుపడ్డ మనిషిని మెల్లగా పక్కన పెడతాం. పొమ్మని అనం. మీటింగు సంగతి చెప్పం. ఆమెకు అర్థమైపోతుంది.

వయసు పైబడిన అక్కల సంగతీ అంతే. రోజుకో రూపాయి పెట్టి ఈ సంఘాలను నిలబెట్టింది వాళ్లే. 2009లో అభయహస్తం పెట్టినప్పుడు, సభ్యురాలు రోజుకో రూపాయి, ప్రభుత్వం ఒక రూపాయి వేసి 60 దాటాక పింఛను ఇవ్వాలనుకున్నారు. అప్పు ఇవ్వలేని వయసులో కూడా మనిషి సంఘం మనిషే అనే ఆలోచన అందులో ఉంది.

ఇటు కొత్తవాళ్లు రావడం లేదని కూడా అంటున్నాం. ఇంటికి వచ్చిన కోడలు చేరాలనుకుంటే, పదిహేనేళ్లుగా మనం పెట్టిన పొదుపంతా ఒకేసారి కట్టమంటున్నాం. అంత డబ్బు ఉంటే ఆమెకు సంఘంతో పనేంటి? ఆమె పొదుపు విడిగా రాసి, వాటా కూడా ఆమె పొదుపును బట్టే అని తీర్మానం చేస్తే చాలు. లీడర్లు మారకపోవడం ఇంకో అడ్డు. ఒకే మనిషి ఏళ్ల తరబడి బ్యాంకుకు వెళ్తుంటే, మిగతావాళ్లకు సంఘం ఆమెది అనిపిస్తుంది. కర్ణాటకలో వంద మంది సంఘం విరిగింది అక్కడే. పది మంది సంఘమైనా అక్కడే విరుగుతుంది.

వచ్చే నెల మీటింగులో ప్రతి సంఘం తన మొదటి తీర్మానం పుస్తకం తెచ్చుకుని, ఆ పేర్లు పైకి చదవాలని కోరుతున్నాం. ఊళ్లో ఉండి రానివాళ్ల ఇంటికి ఇద్దరు వెళ్లాలి. వాయిదా అడగడానికి కాదు, ఎందుకు రావట్లేదో కనుక్కోవడానికి. ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు మినిట్స్‌లో రాయాలి. వాయిదాలు తగ్గించాలా, పాత బాకీ తేల్చాలా, ఎవరైనా ఒక మాట అని నొప్పించారా అన్నది అప్పుడు తెలుస్తుంది. తీర్చగలిగింది సంఘంలోనే తీర్చి, తీరనిది గ్రామ సమాఖ్యకు పంపాలి.

వచ్చే ఏడాది ఈ పుస్తకంలో ఆ గడి కూడా పెడదాం. ఎంతమంది చేరారు అన్న అంకె పక్కనే, ఎంతమంది తిరిగొచ్చారు అన్న అంకె.